మా అమ్మకు అందని పిలుపు

మా పెద్దబ్బాయి కూతురు కల్యాణి ఈమధ్య ఒక కొత్త భాష నేర్చుకుంటోంది. వాళ్ళ నాన్న ఆస్పత్రి కట్టుగుడ్డ నేయించి ఎక్కడెక్కడికో పంపిస్తాడు కదా, అందులో స్పానిష్ మాట్లాడే దేశం ఒకటుందట. అక్కడినుంచి కొనుగోలుదారులు వస్తున్నారంటే, వాళ్ళను వాళ్ళ భాషలోనే పలకరించాలని దీని పట్టుదల. ఒక సాయంత్రం నా మంచం మీదకు పుస్తకంతో సహా ఎక్కి కూర్చుని, "అవ్వా, నువ్వు ఇంగ్లీషులో చదువు, నేను వాళ్ళ భాషలో చెప్తాను. తప్పు పోతే ఒక మొట్టికాయ వెయ్యి" అంది. నా ఇంగ్లీషు ఏపాటిదో దానికి తెలుసు. అయినా ఇంట్లో ఇంకెవరికీ తీరిక లేదు. సరేనని కళ్ళజోడు పెట్టుకుని "కమ్ హియర్" అని చదివాను. "చిన్నవాళ్ళకూ స్నేహితులకూ అయితే 'వెన్ ఆకీ', పెద్దవాళ్ళకూ కొత్తవాళ్ళకూ అయితే 'వెంగా ఆకీ'" అంది. "సిట్ డౌన్" అన్నాను. దానికీ రెండు చెప్పింది. "మన మాదిరే రెండు రకం ఉండాదే" అన్నాను. "ఆమా అవ్వా, అరవంలో వా, వాంగ అన్నట్టే" అని నవ్వి, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు చెప్పింది: "పుస్తకంలో ఒకటి రాసినారు. ఎవరిని ఎట్ల పిలవాలో సందేహం వస్తే మరియాద మాటే వాడమని. మరియాద ఎక్కువైతే ఎవరూ కోపం పడరంట, తక్కువైతేనే చిక్కంట."

కళ్ళు మండుతున్నాయని చెప్పి పుస్తకం మూసేశాను. కళ్ళకేమీ కాలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట వినగానే నా ముఖం వేడెక్కింది, దాన్ని చిన్నపిల్ల చూడకూడదనిపించింది. వాళ్ళ పుస్తకంలో ఎవరో రాసిపెట్టిన ఆ చిన్న సూత్రం మా ఇంట్లో తిరగబడి ఉండేది. మా అవ్వకు సందేహం వస్తే తక్కువ మాటే వాడేది. ఆ సందేహానికి గురైన మనిషి మా అమ్మ.

నేను పుట్టి పెరిగిన ఇల్లు అరవదేశంలోని రాజపాళయంలో, మా తెలుగువాళ్ళ పెద్ద ఇళ్ళలో ఒకటి. మా నాయన, పెదనాయన, చిన్నాయన ముగ్గురూ కలిసే ఉండేవాళ్ళు. పత్తి వ్యాపారం మాది. పొలం మీది నుంచి వచ్చిన పత్తి వెనక కొట్టంలో కుప్పలుగా పడి ఉండేది, ఎండకు కాగిన పత్తిగింజల నూనె వాసన ఇల్లంతా పట్టేది. అన్నంలో కూడా ఆ వాసనే అనిపించేది నాకు. పొద్దున లేస్తూనే కరుపట్టి, అంటే తాటిబెల్లం, వేసిన కాఫీ వాసన, దాంతోపాటు మా అవ్వ గొంతు. అవ్వ అంటే మా నాయన తల్లి. ఆమె మాట్లాడటం తక్కువ, ఆజ్ఞలే ఎక్కువ. తలుపు తీ, కసువు చిమ్ము, ఆవుకు నీళ్ళు పెట్టు, రా, పో, తే. ఇవి పనివాళ్ళకు. కోడళ్ళకు మాత్రం ఎంత కోపమొచ్చినా "రాండి, తెండి, చూడండి" అనే అనేది. పెద్దమ్మను తిట్టిన రోజున కూడా "మీకు బుద్ధి ఉండాదా" అని మర్యాదగానే తిట్టేది. మా ఇళ్ళలో అది పద్ధతి. ఊళ్ళోని ఇతరులకు అది వేళాకోళంగా ఉండేదట. పెదనాయన కుక్క ఒక్కటే మా ఇంట్లో ఈ గొడవ లేకుండా బతికింది, దానికి ఆయన ఇంగ్లీషులోనే చెప్పేవాడు.

అవ్వ ఆ రెండు రకాలకూ తనే పేర్లు పెట్టింది. ఒకటి మరియాద పిలుపు, ఇంకోటి సుమ్మా పిలుపు. సుమ్మా అంటే అరవంలో ఊరికే అని. ఆ ఊరికే పిలిచే పిలుపులో పడ్డవాడు జీవితాంతం అందులోనే ఉండాలి. కోడలు మాత్రం ఒక్క క్షణంలో మరియాద పిలుపులోకి మారేది. కొత్త కోడలు గడప ముందు నిలబడగానే, లోపలినుంచి అత్తగారు పేరు పెట్టకుండా "లోపలికి రాండమ్మా" అని గట్టిగా పిలవాలి. వీధిలో నిలబడ్డవాళ్ళందరికీ వినపడాలి. ఆ పిలుపుతో ఆ పిల్ల ఇంటి మనిషి అయినట్టు. పసుపూ కుంకుమా పంచేది, గాజులు తొడిగేది, పెళ్ళి పీటల దగ్గర నిలబడేది అలా పిలిపించుకున్న కోడళ్ళే.

మా అమ్మను అలా పిలవలేదు. కారణం చెప్పడానికి కూడా నాకు సిగ్గుగా ఉంటుంది, అంత చిన్నది అది. అమ్మది చోళపురం. మావాళ్ళే, ఎక్కడో చుట్టరికం కూడా ఉంది. కాకపోతే ఆమె తండ్రి మా పొలం వారానికి, అంటే పంటలో వాటాకు, చేసేవాడు. పత్తి బండి తోలుకొచ్చి మా వాకిట్లో తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడేవాడు. బండి మీద చిన్న పిల్లగా వచ్చి కూర్చున్న అమ్మను మా అవ్వ "ఏయ్, దిగి రా, ఈ మజ్జిగ తాగిపో" అని పిలిచేది. ప్రేమగానే పిలిచేది, అందులో తప్పేమీ లేదు. మా నాయన మొదటి భార్య పిల్లలు లేకుండానే పోయింది. తర్వాత ఆయన ఈ చోళపురం పిల్లనే చేసుకుంటానని పట్టుబట్టాడు. తల్లితో కొన్నాళ్ళు మాట మానేసి మరీ సాధించాడు. ఆ ఒక్కసారితో ఆయన ధైర్యమంతా అయిపోయిందని నా అనుమానం. పెళ్ళై గడప ముందు నిలబడితే అవ్వ లోపలినుంచి "ఇంకేమి, లోపలికి రా" అంది. అంతే. అమ్మ వచ్చేసింది. వెనకే నాయనా వచ్చాడు.

తర్వాత కొన్నేళ్ళకు చిన్నమ్మ కోడలిగా వచ్చినప్పుడు, గడప దగ్గర హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది అమ్మే. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను. అవ్వ "లోపలికి రాండమ్మా" అని వీధి మారుమోగేలా పిలిచింది. అమ్మకంటే చిన్నది, నిన్నమొన్నటి పిల్ల, తలవంచుకుని లోపలికి నడిచింది. అమ్మ పళ్ళెం దించి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. ఆరోజు నుంచి పెద్దమ్మ పిల్లలూ చిన్నమ్మ తరఫు చుట్టాల పిల్లలూ కూడా, పెద్దలను చూసి నేర్చుకుని, మా అమ్మను "నీళ్ళు తే" అనడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండేది. కానీ మండిన ఒళ్ళు ఎవరికి చూపించాలో తెలిసేది కాదు.

ఆ రోజుల్లోనే పెదనాయన ఇంకొందరితో కలిసి నూలు మిల్లు పెట్టే పనిలో పడ్డాడు. యంత్రాలు ఓడ మీద వచ్చాయి, వాటిని బిగించడానికి ఒక దొర వచ్చాడు, దొర వెంట భార్య వచ్చింది. ఆ దొరసాని అందరిలా బంగళాలో కూర్చుని ఎండను తిట్టుకునే రకం కాదు. ఊరివాళ్ళ ఇళ్ళు చూడాలి, ఊరివాళ్ళ మాట నేర్వాలి అని పెదనాయనను అడిగింది. బంగళాలో పనివాళ్ళు అరవం మాట్లాడితే అదీ నేర్చుకునేది, మా ఇంటికొస్తే తెలుగు. మగపిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి ఇంటికొచ్చే వాద్యారు పాఠం పక్కన కూర్చుని విని నాలుగు ముక్కలు పట్టుకున్నదాన్ని నేను. అందుకని నన్ను దొరసాని పక్కన కూర్చోబెట్టారు. నాకు అప్పటికి పన్నెండేళ్ళు ఉంటాయేమో. మధ్యాహ్నం భోజనాలైనాక లోపలి పెద్ద గదిలో, కూటం అంటాం దాన్ని, చాప వేసేవాళ్ళు. దొరసాని చాప మీద కాళ్ళు ముడుచుకోలేక పక్కకు చాపుకునేది. ఆమె దగ్గర ఏదో పూల సబ్బు వాసన వచ్చేది, అవ్వ దగ్గర ఆముదమూ పొగాకూ. ఆ రెండు వాసనల మధ్య నేను.

ఆమెకు కావలసింది కథలూ పద్యాలూ కాదు. రోజువారీ ఆజ్ఞలు. "కమ్ హియర్" అంటే ఏమిటి, "బ్రింగ్ వాటర్" అంటే ఏమిటి, "షట్ ది డోర్" అంటే ఏమిటి. నేను రెండు రకాలూ చెప్పేదాన్ని, ఇటు రా, ఇటు రాండి. నీళ్ళు తే, నీళ్ళు తెండి. ఏది ఎవరికి అన్న తీర్పు అవ్వది. అవ్వకు ఈ ఆట మహా సరదా. తెల్లవాళ్ళ ఆడమనిషి తన ముందు చాప మీద కూర్చుని "కూచోండి" అని తనకు చెబుతుంటే పొంగిపోయేది. వచ్చేపోయేవాళ్ళను చూపించి పరీక్షలు పెట్టేది.

"కూరల ముసలమ్మ ఇప్ప వస్తాది. ఆమెకేమి చెప్తారు దొరసానీ?"

దొరసాని ఆలోచించి "రాండి" అంది.

అవ్వ తొడ చరుచుకుని నవ్వింది. "అయ్యో రామా! దానికి రాండియా? గంప పడేసి పారిపోతాది అది!"

"కానీ ఆమె చాలా పెద్దామె" అని దొరసాని నాతో ఇంగ్లీషులో అంది. నేను అవ్వకు చెప్పాను.

"వయసు పెద్దదైతే ఏమి, పని చిన్నది కదా. సుమ్మా పిలుపే దానికి. శరి, పురోహితుని భార్య వస్తే?"

"రాండి, కూచోండి."

"ఆమా, ఇప్ప శరి."

మేము చెప్పిందానికంటే తను చూసిందాన్నే దొరసాని ఎక్కువ నేర్చుకుంటోందని మాలో ఎవరికీ తట్టలేదు. పాఠం మధ్యలో అమ్మ మజ్జిగ చెంబు తెచ్చేది. తడిచేతులు, ఎగదోపిన చీర, నుదుటి మీద పిండి. అవ్వ గడ్డం కొద్దిగా పైకెత్తి, చూడకుండానే "ఇక్కడ పెట్టి పో" అనేది. అమ్మ పెట్టి పోయేది. దొరసాని ముఖం ఆవైపు తిరిగి మళ్ళీ నావైపు తిరిగేది. ఆమె ఎవరని దొరసాని అడగలేదు, నేను చెప్పలేదు. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు మా ఇంట్లో ఆడపిల్లలకు లేదు.  కానీ ప్రతిసారీ అమ్మ ఎంత త్వరగా మజ్జిగ పెట్టి వెళ్ళిపోతే అంత మేలనిపించేది. కన్నతల్లి పక్కకు వస్తే ఎప్పుడు పోతుందా అని చూసే పిల్లను చేసింది ఆ ఇల్లు నన్ను.

చిన్నమ్మకు గాజుల వేడుక చేశారు. మొదటి కాన్పు. సత్రపట్టి నుంచి, చోళపురం నుంచి, ఊళ్ళోని పెద్ద ఇళ్ళన్నిటినుంచీ ఆడవాళ్ళు వచ్చారు. కూటం నిండా పట్టుచీరల చప్పుడు, గంధం వాసన, మల్లెపూలు. గాజులమ్మే అతన్ని నడవలో కూర్చోబెట్టారు. అవ్వ దొరసానిని ప్రత్యేకంగా పిలిపించింది. ఆమె పెద్దమ్మ ఇచ్చిన చీర ఎలాగో చుట్టుకుని వచ్చింది, చీర జారకుండా ఒక చేత్తో నడుం పట్టుకునే ఉంది. లోపలికి వస్తూనే అందరికీ చేతులు జోడించి "రాండి, కూచోండి, బాగుండారా" అంది. ఆడవాళ్ళు మురిసిపోయారు. ఒక చిన్నపిల్లను చూసి "ఇటు రా, కూచో" అంది. అది కూడా సరిగ్గా చెప్పేసరికి అందరూ ఒకటే ఆశ్చర్యం. "అంతా నేను నేర్పించిందే" అని అవ్వ పక్కవాళ్ళకు చెప్పుకుంది. ఆ పూట మా అవ్వంత సంతోషంగా ఊళ్ళో ఇంకెవరూ ఉండరు.

పెద్దమ్మ చిన్నమ్మకు గంధం పూస్తోంది. గాజులు తొడగడానికి ఇంటి కోడళ్ళు వరుసలో ఉన్నారు. అమ్మ వంటింట్లో ఉంది, ప్రతి వేడుకలోనూ ఉన్నట్టే. పానకం లోటాలు పెట్టిన పళ్ళెం పట్టుకుని అప్పుడే బయటికి వచ్చింది. దొరసానికి ఉత్సాహం ఆగలేదు. పెద్దలకూ పిల్లలకూ పిలుపు చూపించింది కదా, ఇప్పుడు పనివాళ్ళ సుమ్మా పిలుపు కూడా వచ్చని చూపించాలి. గడ్డం కొద్దిగా పైకెత్తింది. "ఏయ్, ఇటు రా. ఇక్కడ పెట్టి పో" అంది.

అది అవ్వ గొంతు. అవ్వ గడ్డం. అచ్చు గుద్దినట్టు వచ్చేసరికి కూటమంతా పకపకా నవ్వింది. అమ్మ పళ్ళెం కింద పెట్టి వెనక్కి తిరిగింది. నేను దొరసాని పక్కనే ఉన్నాను. నవ్వు నా చెవుల్లోనుంచి దూరి లోపలెక్కడో తగిలింది. నోరు దానంతటదే తెరుచుకుంది. "షీ ఈజ్ మై మదర్" అన్నాను.

దొరసాని మెడ దగ్గరనుంచి నెత్తిదాకా ఎర్రబడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె ఇంగ్లీషులో ఏమైనా అనేసి ఊరుకుంటే అది నాకూ ఆమెకూ మధ్య పోయేది. కానీ పాపం ఆమె చదువుకున్నది తెలుగు. అవ్వవైపు తిరిగి, నిజంగా అర్థం కాక, తెలిసిన మాటలు ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ అడిగింది. "మీ కోడలా? కోడలికి రాండి. మీరు చెప్పినారు."

నవ్వు ఆగిపోయింది. గాజులతను చేతిలోని గాజు చేతిలోనే పట్టుకుని తల దించుకున్నాడు. అవ్వ ముఖం మీద ఆ సంతోషం ఇంకా పూర్తిగా పోలేదు, పోవడానికి దారి వెతుక్కుంటోంది. "అది చిన్నప్పటి నుంచి నేను చూసిన బిడ్డ. అలవాటు" అంది. సత్రపట్టి నుంచి వచ్చిన ఒక పెద్దామె, మనసులో కల్మషం లేని మనిషే, పక్కవాళ్ళను అడిగింది, "అంటే ఇంట్లోకి పిలవనే లేదా ఏమి ఆ పిల్లను?" నెమ్మదిగానే అడిగింది. అందరికీ వినపడింది.

అందరూ అవ్వను చూస్తున్నారు. ఇప్పుడైనా ఒక్క మాట అంటే చాలు. రాండి, మీరూ వచ్చి గాజులు తొడగండి అంటే చాలు. నేను అవ్వ పెదవులవైపే చూస్తున్నాను. మాట్లాడింది అమ్మ. కొంగుతో చేతులు తుడుచుకుని, నవ్వుముఖం పెట్టుకుని, "మా అత్త నన్ను కడుపున పుట్టిన బిడ్డ మాదిరి చూసుకుంటారు. అందుకే అట్ల పిలుస్తారు. నాకు అదే ఇష్టం. పానకం తీసుకోండి అందరూ, వెచ్చబడితే బాగుండదు" అంది. హమ్మయ్య అన్నట్టు చేతులన్నీ లోటాల మీదకు వెళ్ళాయి. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను ఆమె వెనకే పరిగెత్తాను, నన్ను దగ్గరకు తీసుకుంటుందని. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. మంట ఎగదోస్తూ, నావైపు చూడకుండా అంది: "దొరసాని తెలియక ఏదో అనిందని నవ్వి పోతా ఉండిరి. నువ్వు నోరు తెరిచినావు."

"నువ్వు మా అమ్మ అని చెప్పినాను. అది తప్పా?"

"తప్పని ఎవరన్నారు? కానీ ఇప్ప ఏమైంది? మీ అవ్వ మానం కాపాడేదానికి, రా అంటేనే నాకు ఇష్టమని నా నోటితో నేనే ఊరందరికీ చెప్పుకుంటిని. ఇంక ఏ ముఖం పెట్టుకుని రాండి అనమని అడిగేది?"

అప్పుడు అర్థమైంది, అమ్మ ఇన్నాళ్ళూ ఎదురుచూస్తూనే ఉందని. నేను ఆమెకు అలవాటైపోయిందనుకున్నాను. ఎప్పుడో ఒకరోజు, పండగనాడో పబ్బంనాడో, అవ్వ మనసు మెత్తబడి పిలుస్తుందని ఆమె లోపల ఒక ఆశ పెట్టుకుని ఉంది. దాన్ని తన చేతులతోనే ఆర్పేసి వచ్చి పొయ్యి ఊదుతోంది. నాయనకు ఆ సంగతి తెలిసింది. తిన్నె మీద కూర్చుని ఆకూవక్కా నములుతూ చాలాసేపు వీధివైపు చూశాడు. భోజనానికి లోపలికి వచ్చి, "ఈరోజు పులుసు బాగుంది" అన్నాడు. ఆయన్ను తలుచుకుంటే నాకు జాలి, దానికంటే ముందు సిగ్గు. అంత పెద్ద మీసం పెట్టుకున్న మనిషి.

అవ్వ ఆ రోజు తర్వాత మా అమ్మను ఎప్పుడూ రా అనలేదు. రాండి అని కూడా అనలేదు. ఆజ్ఞలన్నీ గోడకూ స్తంభానికీ చెప్పడం మొదలుపెట్టింది. "మజ్జిగ కావాల." "తలుపు తీసే ఉండాది." "పాలు పొంగుతా ఉండాయి." ఎదురుగా అమ్మ ఉంటే కూడా, పక్కనున్న బిందెను చూసి చెప్పేది. అమ్మ వచ్చి పని చేసి వెళ్ళేది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, అత్తాకోడళ్ళు ఏళ్ళ తరబడి అలాగే బతికారు. అవ్వ మంచాన పడినప్పుడు పక్కలు మార్చిందీ ఒళ్ళు తుడిచిందీ అమ్మే. చివరిదాకా అవ్వ నోటినుంచి "దాహంగా ఉండాది" అని వచ్చిందే కానీ "ఇయ్యి" అని గానీ "ఇయ్యండి" అని గానీ రాలేదు. ఇంత పట్టుదల మనిషికి దేనికో నాకు ఈనాటికీ తెలియదు. బహుశా ఆమెకూ సిగ్గే అయి ఉంటుంది. సిగ్గుపడ్డవాళ్ళు దిగివస్తారని మనం అనుకుంటాం. మా ఇంట్లో బిగుసుకుపోయారు.

దొరసాని మర్నాడే వచ్చింది. బంగళా వంటవాడి దగ్గరో ఎవరి దగ్గరో నేర్చుకుని, నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, "తప్పు నాది. మన్నించండి" అంది. అమ్మ భయపడిపోయి పక్కనున్న రుబ్బురోలు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తెల్లవాళ్ళ ఆడమనిషి గుమ్మంలో నిలబడి చేతులు జోడిస్తే ఏం చెయ్యాలో ఆమెకు ఎవరు నేర్పారు? దొరసాని కాసేపు ఆ తలుపు ముందే నిలబడి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె సుమ్మా పిలుపు పూర్తిగా మానేసింది. మిల్లు పని ముగిసి వాళ్ళు వెళ్ళిపోయేదాకా, మా ఇంటికి వచ్చినప్పుడల్లా అందరికీ రాండియే. కూరల ముసలమ్మకూ, పెదనాయన కుక్కకూ కూడా. "దీనికి పెద్దా చిన్నా తెలియకనే పోయె" అని అవ్వ విసుక్కునేది, మేమంతా నవ్వేవాళ్ళం.

నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇది రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు. మా కొట్టంలో పేడ తీసే పేచ్చి అనే ఆమె ఉండేది, మా అవ్వకంటే పెద్దది. దొరసాని ఆమెను "పేచ్చీ, రాండి" అన్న రోజున అందరికంటే గట్టిగా నవ్వింది నేనేనేమో. మా అమ్మకు ఆ పిలుపు రాలేదని మనసులో ఏడ్చేదాన్ని, మరి పేచ్చికి రావాలని నాకు ఒక్క రోజు కూడా అనిపించలేదు. పెళ్ళై వెళ్ళేదాకా "పేచ్చీ, ఇటు రా" అనే అన్నాను. అమ్మ కూడా అలాగే అంది. మాకు కావలసింది గీత చెరపడం కాదు, గీతకు ఇవతలకి రావడం. ఇప్పుడు రాజపాళయం బస్సులో కండక్టరు నన్ను వాంగ అంటాడు, నా పక్కన మిల్లులో పనిచేసే పిల్లనూ వాంగ అంటాడు. కల్యాణి ఇంట్లో పనిచేసే ఆమెను "అక్కా, రాండి" అంటుంది, నన్ను మాత్రం "అవ్వా, రా" అని చెయ్యి పట్టి లాగుతుంది. ఈ కాలం అంతా బాగుందని నేను అనను. ఆ పక్కింటి కోడలు పనిమనిషికి లోటా వేరుగా పెట్టడం నా కళ్ళతో చూస్తున్నాను. కానీ పిలుపు వరకూ అయితే, ఆ కాలం మళ్ళీ రావాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతుండగానే నా పెళ్ళి జరిగింది. బియ్యం దొరకడమే కష్టంగా ఉన్న రోజులు, అందుకని పెళ్ళి కూడా పొదుపుగానే చేశారు. కన్యాదానానికి పీటల మీదకు అమ్మను పిలవాలి. ఇంటి పెద్దగా పిలవాల్సింది అవ్వ. అందరూ ఆగారు. అవ్వ పెద్దమ్మవైపు తిరిగి, "పిల్ల తల్లిని రమ్మనండి" అంది. కబురు వంటింట్లోకి వెళ్ళింది, అమ్మ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. నీళ్ళు పోస్తున్నప్పుడు ఆమె వేళ్ళకు ఇంకా పప్పు వాసన వస్తోంది.

నన్ను ఇచ్చింది ఊళ్ళోనే, రెండు వీధుల అవతల. సాయంత్రం మేళంతో నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. అమ్మ కూడా వెనక వచ్చింది. అత్తవారి గడప ముందు నన్ను నిలబెట్టారు. హారతి ఇచ్చారు. మేళం ఆగింది. లోపలినుంచి మా అత్తగారు, నన్ను అంతకుముందు సరిగ్గా చూసి కూడా ఎరగని మనిషి, వీధంతా వినపడేలా పిలిచింది.

"లోపలికి రాండమ్మా!"

నా కాలు లేవలేదు. నేను ఏం చేశానని ఈ పిలుపు? ఏ పొయ్యి ఊదాను, ఎన్ని మజ్జిగ చెంబులు మోశాను? మా అమ్మ ఇరవై ఏళ్ళు ఎదురుచూసినా రానిది, నేను గడప ముందు నిలబడగానే వచ్చింది, అదీ ఆమె నా వెనకే నిలబడి వింటుండగా. వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది. నేను బెదిరిపోయాననుకుంది కాబోలు, అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, చెవి దగ్గర మెల్లగా అంది.

"పిలుస్తా ఉండారు కదా నిన్ను. పో బిడ్డా, పో."

ఆ గొంతులో ఎంత సంతోషముందో ఇప్పుడు కూడా చెప్పలేను. తల ఇంకా కిందికి దించుకుని గడప దాటాను. కొత్త కోడలు ఎంత ఒద్దికైన పిల్లో అని ఎవరో మెచ్చుకున్నారు.